జపనీస్ గార్డెన్‌కి మన హైదరాబాద్ మట్టి పనికొస్తుందా? ఏ మొక్కలు నిలుస్తాయి?

నిజాంపేట_సునీత: ఇంటి ముందు తూర్పున 12×15 అడుగుల జాగా ఉంది. అంతా మొరమే, గడ్డపార వేస్తే టంగుమంటోంది. ఎర్రాకుల జపనీస్ మేపుల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా అండీ?

చల్కనేల: వద్దండీ. మేపుల్ ఆకు రాల్చి నిద్రపోవడానికి కావలసినంత చలి మన డిసెంబరులో ఉండదు. మే నెల ఎండకి ఆకుల అంచులు మాడిపోతాయి. అజేలియా, కమేలియా పుల్లటి నేల మొక్కలు. సున్నం ఉన్న బోరు నీళ్ళు పోస్తే ఈనెలు పచ్చగానే ఉండి ఆకంతా పసుపెక్కుతుంది.

మిద్దెతోట_పద్మ: మొక్కల సంగతి తర్వాత. కొత్త ఇల్లయితే సిమెంటు పెళ్ళలు, కంకర అక్కడే పూడ్చేసి, పైన అరడుగు ఎర్రమట్టి పోసి పోతారు. అడుగున్నర తవ్వించి అవన్నీ ఏరించండి. గుంటలో సాయంత్రం నీళ్ళు నింపి చూడండి, తెల్లారినా ఇంకకపోతే ఇంకా లోతుకి పోవాల్సిందే. తర్వాత రెండు పాళ్ళు ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కాస్త వేపపిండి.

అల్వాల్_రాము: జిప్సం వేస్తే పీహెచ్ తగ్గి నేల పుల్లబడుతుందని నర్సరీలో చెప్పారే?

చల్కనేల: జిప్సం చౌడు నేలకి మందు, సున్నం నేలకి కాదు. పీహెచ్ దిగాలంటే గంధకం పొడి వేయాలి, దానికీ నెలలు పడుతుంది. బోరు నీళ్ళే పోస్తుంటే మళ్ళీ మొదటికొస్తుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి.

మిద్దెతోట_పద్మ: నీడలో మోండో గ్రాస్ పెట్టండి, అది ఎటూ జపాన్‌దే. ఎండలో కొరియన్ గ్రాస్. కత్తిరించకుండా వదిలేస్తే నాచు దిబ్బల్లా ఉబ్బుతుంది. పైన్ బదులు జునిపర్, గుండ్రంగా కత్తిరించడానికి కామిని పొద. వెదురైతే గుబురుగా పెరిగే రకమే తీసుకోండి. పాకే రకం పెడితే పక్కింటివాళ్ళతో పేచీ.

బండరాయి: ఇన్ని రాళ్ళున్న హైదరాబాద్‌లో ఉండి మొక్కల కోసం ఇంత బెంగా! జపాన్‌లో క్యోటోలోని ర్యోవాన్‌జీ గుడి తోట చూడండి: 15 రాళ్ళు, గులక, రాళ్ళ మొదట్లో నాచు. అంతే. గుట్టలు పగలగొట్టిన రాయి కొనకండి, పునాదుల్లో తేలినవి ఊరికే ఇస్తారు. మూడో వంతు భూమిలో పాతితేనే రాయి అక్కడే పుట్టినట్టుంటుంది. తెల్ల గులక మన ఎండకి కళ్ళు చెదరగొడుతుంది, బూడిదరంగు రాతి చిప్స్ నయం.

నిజాంపేట_సునీత: పక్క ప్లాటులో పునాది తవ్వుతున్నారు, రేపే అడుగుతా. జునిపర్‌కి పొద్దుటి ఎండ చాలా పద్మగారూ?

మిద్దెతోట_పద్మ: అయిదు గంటలు తగిలితే చాలు. పై మట్టి ఆరాకే నీళ్ళు పోయండి. నాటడం మాత్రం జూన్ వానలు పడ్డాకే.