డచ్చి 'ఒరాన్యె' మన నారింజేనా?

ప్రశ్న (తిరుపతి నుంచి):
డచ్చిలోనూ, దాని నుంచి దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలోనూ నారింజ రంగును 'ఒరాన్యె' అంటారు. మన నారింజకూ దానికీ చుట్టరికం ఉందా? పక్కనే పులికాట్‌లో డచ్చివాళ్లు ఉండేవాళ్లు కదా, అక్కడి నుంచి వెళ్లిందా? ఇంకో తికమక: ఆఫ్రికాన్స్‌లో ఆ పండు పేరు 'లెమూన్' అట. అది నిమ్మ కాదా?

జవాబు 1:
చుట్టరికం ఉంది. పులికాట్ దారి మాత్రం కాదు. అక్కడ గెల్డ్రియా కోట లేచింది 1613లో, ఆ మాట ఫ్రెంచి నుంచి డచ్చికి చేరింది అంతకు చాలా ముందే. సంస్కృత 'నారంగ'కు మూలం ద్రావిడమేనని చాలామంది అంటారు. అక్కడి నుంచి పారశీక 'నారంగ్', అరబీ 'నారంజ్'. స్పానిష్‌లో మొదటి నకారం నిలిచింది. ఇటాలియన్‌లో ముందున్న 'ఉన' (అంటే 'ఒక')లో కలిసిపోయి 'అరాంచ' మిగిలింది. ఫ్రెంచిలో 'ఓర్' అంటే బంగారం, ఆ ప్రభావంతో మొదటి అచ్చు 'ఒ' అయిందంటారు. ముందు పండు, తర్వాతే రంగు. మన దగ్గరా అంతేగా!

జవాబు 2 (చిత్తూరు):
'ఒరాన్యె' అనే పేరే ఉన్న డచ్చి రాజవంశాన్ని ఇందులో కలపకండి. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒరాంజ్ ఊరి పాత పేరు 'అరౌసియో', పండుతో పనిలేదు. 1544లో ఆ సంస్థానం ఆ వంశానికి చెందిన విలియంకు దక్కింది. పేర్లు ఒకేలా పలకడంతో వంశానికి రంగు అంటుకుంది. దక్షిణాఫ్రికా ఆరెంజ్ నదికి పేరు నీళ్ల రంగును చూసి పెట్టింది కాదు, 1779లో రాబర్ట్ గోర్డన్ ఆ వంశం పేరే పెట్టాడు.

ఇక లెమూన్. డచ్చి నిఘంటువుతో ఆఫ్రికాన్స్ చదివేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఆఫ్రికాన్స్‌లో లెమూన్ అంటే ఆరెంజి పండు, నిమ్మను 'స్యూర్‌లెమూన్', అంటే పుల్ల లెమూన్ అంటారు. డచ్చి 'లిమూన్' పచ్చనిమ్మ. ఆరెంజి పండు వాళ్లకు 'సీనాస్‌ఆపెల్', చీనా ఆపిల్ అన్నమాట. మన సీమలో బత్తాయిని చీనీ అనడం గుర్తొస్తోందా? 'లెమూన్‌సాప్' సీసా కేప్‌టౌన్‌లో కొంటే ఆరెంజి రసం, ఆమ్‌స్టర్‌డామ్‌లో 'లిమూన్‌సాప్' తాగితే పళ్లు పులుస్తాయి.

జవాబు 3:
మనవైపు నుంచి ఓడెక్కిన మాటే కావాలంటే 'నార్చి' చూడండి. ఆఫ్రికాన్స్‌లో కమలాపండు పేరు, తమిళ 'నారత్తై' నుంచి వచ్చింది. చిత్తూరు తమిళుల ఇళ్లలో నార్త్తంగాయ ఊరగాయ పెడతారే, మన దబ్బకాయ, ఆ మాట దీని తోబుట్టువే. ఆఫ్రికాన్స్‌లో 'చి' చిన్నదనం చెప్పే ప్రత్యయం, పేరు ఆ మూసలో ఒదిగిపోయింది.

ప్రశ్నకర్త:
నామవాచకం ముందు వాడితే 'ఒరాన్యె' రూపం మారుతుందా?

జవాబు 2:
మారదు. డచ్చిలో ఎరుపు 'రోడ్' చాలాచోట్ల 'రోడె' అవుతుంది. దీని చివర ఆ 'ఎ' ముందే ఉంది కాబట్టి కొత్తగా చేర్చేదేమీ లేదు. ఆఫ్రికాన్స్‌లో ఎరుపు 'రోయ్' కూడా మారదు.