జనాభా లెక్కల వారికి నిజం చెప్పడానికి మన వాళ్లు ఎందుకు జంకుతున్నారు?

రాజోలు రేవు:

అందరికీ నమస్కారం. గత వారం జనాభా లెక్కల మొదటి విడతగా ఇళ్ల జాబితా రాసుకోవడానికి మా ఇంటికి ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను, ఎండకు నెత్తిన పమిట చెంగు. మా అమ్మ ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. గోడలు దేనితో కట్టారు, పైకప్పు ఏమిటి, తాగే నీళ్లు ఎక్కడివి అని అడిగినంతసేపూ చక్కగా జవాబు చెప్పింది. కారు ఉందా అని అడిగేసరికి మాత్రం లేదంది. మా తమ్ముడు కిందటేడు ఒక పాత కారు కొన్నాడు. అది పెరట్లో కొబ్బరి చెట్ల కింద బరకం కప్పి ఉంది. అరుగు మీద కూర్చున్న వారికి బరకం అంచు కింద చక్రం కనబడుతూనే ఉంది. టీచరు గారు ఒకసారి అటు చూసి, మారు మాట్లాడకుండా లేదనే నమోదు చేసుకుని వెళ్లారు.

తరువాత అడిగితే అమ్మ, "ఉందని చెబితే రేపు నా పింఛను నువ్వు ఇస్తావా?" అంది. ఆమెది ఊరికే పుట్టిన భయం కాదు. మా ఇంటి మీటరు మీద కరెంటు వాడకం 300 యూనిట్లు దాటిందని కొన్నేళ్ల క్రితం ఆమె వితంతు పింఛను ఐదు నెలలు ఆగిపోయింది. అప్పట్లో ఒకే మీటరు మీద మా కాపురమూ, మా బాబాయి గారి కాపురమూ నడిచేవి. ఆ వివరం ఎవరు రాశారో, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో ఈ రోజుకీ మాకు తెలియదు. అంతకు ముందు ఎవరో వచ్చి ఏవో అడిగి రాసుకుని వెళ్లారన్నది మాత్రం ఆమెకు గుర్తుంది. జనాభా లెక్కల వారికి చెప్పింది కూడా అలాగే ఎక్కడికో వెళ్లదని ఆమెకు ఏమని నచ్చజెప్పాలి? మీ ఇళ్లలో జరిగినవి, మీకు తెలిసినవి రాయగలరని మనవి.

పాత బడిపంతులు:

బాబూ, నేను 1991, 2001, 2011 సంవత్సరాల లెక్కల్లో గణకుడిగా పనిచేశాను. మీ అమ్మగారి వంటి వారిని ప్రతిసారీ చూశాను. ఆమెకు ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. జనాభా లెక్కలు 1948 నాటి జనగణన చట్టం కింద జరుగుతాయి. ఆ చట్టంలోని 15వ సెక్షను ప్రకారం గణకుడు రాసుకున్న పుస్తకాన్ని గాని, జాబితాను గాని చూపించమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అందులోని రాతను సివిల్ దావాలో సాక్ష్యంగా పెట్టడానికి వీలులేదు. ఆ చట్టం కిందే నడిచే కేసుల్లో తప్ప క్రిమినల్ కేసులోనూ వీలులేదు. విన్నది బయట పెట్టిన గణకుడికి జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

ఈ చట్టంలో నాకు చాలా ఇష్టమైన మాట 8వ సెక్షనులో ఉంది. అడిగిన దానికి జవాబు చెప్పడం తప్పనిసరి అంటూనే, ఇంట్లోని ఆడవారి పేర్లు చెప్పమని ఎవరినీ బలవంత పెట్టరాదనీ, భర్త పేరు గాని ఆచారం ప్రకారం పలకకూడని మరే పేరు గాని చెప్పమని ఏ స్త్రీనీ బలవంత పెట్టరాదనీ అక్కడ రాశారు. 1991లో మా వీధిలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మామ్మగారు పెనిమిటి పేరు అడగ్గానే మనవణ్ణి పిలిచి, "ఒరేయ్, తాతయ్య పేరు పంతులు గారికి చెప్పు" అన్నారు. ఆమె గౌరవాన్ని చట్టం ముందే తలచుకుని చోటు ఉంచిందన్న సంగతి శిక్షణలో విన్నప్పుడు నాకు ఆ ఉద్యోగం మీద మర్యాద పెరిగింది.

2011 ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేని వారిని లెక్కించే పని కూడా నాకు పడింది. రేవు మెట్ల మీద పడుకున్న ఒక మనిషి నా చేతిలోని టార్చిలైటు చూసి, పోలీసులనుకుని మూట చంకన పెట్టుకుని లేచిపోబోయాడు. లైటు ఆర్పి, పక్కన మెట్టు మీద కూర్చుని, నేను బడిపంతులునని చెప్పి, మీరు ఈ దేశంలో ఉన్నారని రాసుకోవడానికి వచ్చానన్నాను. కాసేపటికి పేరు చెప్పాడు, వయసు తెలియదన్నాడు. అతనికి నమ్మకం కుదిరింది చట్టం వల్ల కాదు, నేను పక్కన కూర్చున్నందువల్ల.

మా వైపు జరిగిన పొరపాటు కూడా ఒప్పుకోవాలి. 2010లో ఇళ్ల జాబితాతో పాటు జాతీయ జనాభా రిజిస్టరు కోసం మరొక కాగితం కూడా మా చేతికి ఇచ్చారు. అది జనగణన చట్టం కిందది కాదు. 1955 నాటి పౌరసత్వ చట్టమూ, 2003లో దాని కింద చేసిన నిబంధనలూ దానికి ఆధారం. నేను చెప్పిన 15వ సెక్షను రక్షణ దానికి వర్తించదు. రెండూ ఒకే అరుగు మీద, ఒకే కలంతో, ఒకే మనిషిని నేను రాశాను. ఇది వేరు, అది వేరు అని ఒక్క ఇంట్లోనూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకే ఆ తేడా సరిగా తెలియదు.

దాళ్వా రైతు:

మాస్టారు గారు సివిల్ దావా అన్న మాట రాశారు కనుక మా బాధ ఇక్కడ చెప్పుకోవాలనిపించింది. నేను ఉండి అనే ఊరి దగ్గర నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తున్నాను. సొంత భూమి సెంటు కూడా లేదు. సార్వా (ఖరీఫ్) అయినా దాళ్వా (రబీ) అయినా దమ్ము దగ్గర నుంచి కోత దాకా రెక్కలు నావి, పెట్టుబడి నాది, మునిగితే నష్టమూ నాదే. కాగితం మీద మాత్రం నేను రైతును కాను. కౌలు కార్డుకు సంతకం పెట్టమంటే కామందు గారు పెట్టరు. సంతకం పెడితే భూమి మీద నాకు హక్కు వస్తుందని వారి భయం, గట్టిగా అడిగితే వచ్చే ఏడు భూమి వేరొకరికి ఇస్తారని నా భయం. ఇద్దరికీ చెరొక భయం ఉంది కనుక మా మధ్య అంతా నోటి మాట మీదనే నడుస్తుంది.

2011లో లెక్కల వారు వచ్చినప్పుడు, "నువ్వు కూలి అని చెప్పు, కౌలు అని అనకు" అని కామందు గారి మనిషి ముందు రోజే వచ్చి చెప్పి వెళ్లాడు. నేను అలాగే చెప్పాను. మా వీధిలో ఇంకా నలుగురైదుగురు అలాగే చెప్పారు. ఊళ్లో సగం పైగా పొలం దున్నేది మేమే అయినా ఆ లెక్కలో మేమంతా కూలీలమే అయి ఉంటాం. కౌలు రైతులు ఎక్కడున్నారని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అంకె ఉండదు. ఈసారి నిజం చెబితే అది కామందు గారికి తెలుస్తుందా, కోర్టులో పనికివస్తుందా అన్నది నాకు ఎవరైనా సూటిగా చెప్పాలి.

నల్లకోటు:

నేను భీమవరంలో న్యాయవాదిగా ఉన్నాను. దాళ్వా రైతు గారూ, సూటిగానే చెబుతాను. జనాభా లెక్కల్లో సాగుదారు అంటే సొంత భూమి ఉన్నవాడని మాత్రమే కాదు. డబ్బుకో, ధాన్యానికో, వాటాకో ఇతరుల భూమి తీసుకుని సాగు చేసేవారు కూడా సాగుదారులే. కాబట్టి మీరు చెప్పవలసిన నిజం అదే. ఆ రాత ఆధారంగా మీరు భూమి మీద హక్కు అడగలేరు, ఆ రాత చూపించి కామందు గారు మీ మీద దావా వేయనూ లేరు. మాస్టారు గారు చెప్పిన 15వ సెక్షను రెండు వైపులా పదునున్నదే. మీ భయం, ఆయన భయం రెండూ ఇక్కడ మాత్రం అక్కరలేదు.

ఇక చట్టంలో నాకు తృప్తి కలిగించని చోటు కూడా చెప్పడం న్యాయం. వివరాలు వెల్లడించిన గణకుడికి శిక్ష అని చెప్పే 11వ సెక్షనులో, కేంద్ర ప్రభుత్వం గాని రాష్ట్ర ప్రభుత్వం గాని ముందుగా అనుమతించకుండా వెల్లడిస్తేనే నేరం అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. ఆ కిటికీ చిన్నదే కావచ్చు గాని, గడియ మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంది. కాగితం పుస్తకాలు బీరువాల్లో ఉండే రోజుల్లో రాసిన చట్టం ఇది. ఇప్పుడు వివరాలు ఫోనులోకి ఎక్కుతున్నాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది గాని, అందులో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులకు చోటు ఉంచారు. జర్మనీలో 1983లో జనాభా లెక్కల మీద ప్రజలు అభ్యంతరం చెప్పినప్పుడు, తన వివరాలు ఎవరికి ఎంతవరకు చేరాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అక్కడ ఆ లెక్క ఆగి, సవరించిన పద్ధతిలో 1987లో జరిగింది. అనుమానించిన ప్రజలను అక్కడ దేశద్రోహులుగా చూడలేదు, వారి అనుమానం వల్లనే పద్ధతి బాగుపడింది.

సర్వే చేసిన అమ్మాయి:

నేను కొన్నేళ్ల క్రితం ఒక సర్వేలో పనిచేశాను. ఏ సర్వే అన్నది ఇక్కడ చెప్పను. మాకు ఇచ్చిన గడువు చాలా తక్కువ. సర్వరు పనిచేయనప్పుడు, ఇంటింటి వివరాలు తెల్ల కాగితం మీద రాసుకుని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమని పైవారు చెప్పేవారు. అందులో ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బు ఉందో అన్నీ ఉండేవి. ఆ గ్రూపులో అరవై మంది పైగా ఉండేవాళ్లం. పని మానేసిన వారిని కూడా చాలా నెలల వరకు అందులోంచి తీయలేదు. నా ఫోనులో ఆ ఫోటోలు రెండేళ్ల తరువాత కనబడ్డాయి. ఒక పెద్దాయన క్షయ మందులు వాడుతున్నారన్న సంగతి అందులో ఒకటి. ఆయన ఆ సంగతి సొంత వియ్యంకుడికి కూడా చెప్పలేదని నాకు తెలుసు. అన్నీ చెరిపేశాను గాని మిగతా అరవై ఫోనుల సంగతి నా చేతిలో లేదు.

అందుకే జనం జంకుతున్నారంటే వారిని తప్పు పట్టలేను. జనాభా లెక్కల చట్టం గట్టిదే కావచ్చు. కాని గడప ముందు నిలబడిన మనిషి చేతిలో ఉన్నది ఏ చట్టం కిందదో అమ్మలకు, మామ్మలకు ఎలా తెలుస్తుంది? వారికి కనబడేది ఒక ఫోనూ, ఒక మెడ కార్డూ మాత్రమే.

మలికిపురం చదువరి:

మా అమ్మ కువైట్‌లో ఇంటి పనిలో ఉంది, నాలుగేళ్లయింది. నేనూ, అమ్మమ్మా ఇక్కడ ఉంటున్నాం. ఇంట్లో ఎంతమంది అని అడిగితే అమ్మమ్మ ముగ్గురం అని చెప్పింది. అమ్మ అక్కడ ఉందని చెబితే ఏజెంటుకో, అమ్మకో ఇబ్బంది వస్తుందని ఆమె భయం. ఇది తప్పు రాత అవుతుందా?

పాత బడిపంతులు:

అమ్మా, మామూలుగా ఆ ఇంట్లో ఉంటున్న వారినే అక్కడ రాస్తారు. 2011 నిబంధనల ప్రకారం లెక్కింపు రోజులన్నింటిలోనూ దేశం బయట ఉన్నవారిని ఆ ఇంట్లో చేర్చకూడదు. మీరిద్దరే అని చెబితే చాలు. అమ్మ ఎలా వెళ్లింది, ఏ వీసా మీద వెళ్లింది అన్నది గణకుడికి సంబంధం లేని విషయం. అడిగితే చెప్పనక్కరలేదు. అసలు లెక్క 2027 ఫిబ్రవరిలో ఉంటుంది కనుక అప్పుడు సరిగా చెప్పండి. ఇంకొక మాట. గణకులమని చెప్పి ఎవరైనా ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా నంబరు అడిగినా, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమన్నా అతను గణకుడు కాడని అమ్మమ్మకు చెప్పి ఉంచు.

లంక మనిషి:

అందరూ చెప్పడం వల్ల వచ్చే నష్టం రాశారు. చెప్పకపోవడం వల్ల, లెక్కలో లేకపోవడం వల్ల వచ్చే నష్టం మా లంక వారిని అడగండి. గోదావరి కోతకు మా పాత వీధి ఏట్లో కలిసిపోయింది. కొన్ని కుటుంబాలు గట్టుకు ఇవతల పాకలు వేసుకున్నాయి. వరద వచ్చినప్పుడల్లా సాయం జాబితాలో వారి పేర్లు వెతుక్కోవడమే. పాత చిరునామాలో ఇల్లు లేదు, కొత్త పాకకు నంబరు లేదు. 2022 జూలై వరదలో మా వదిన గారు చంటిబిడ్డతో పంటి (ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కి ఒడ్డుకు వచ్చి, అక్కడి బల్ల దగ్గర తన పేరు కోసం వేలితో జాబితా అంతా మూడుసార్లు తడుముకోవడం నేను చూశాను.

దేశం మొత్తం మీద కూడా ఇదే జరుగుతోంది. 2013 నాటి ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి రేషను ఇవ్వాలన్నది 2011 లెక్క మీదనే ఆధారపడింది. 2021లో జరగవలసిన లెక్క కరోనా వల్ల వాయిదా పడి, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని ఇప్పుడు జరుగుతోంది. 2011 లెక్క తరువాత పుట్టిన పిల్లలెవరూ ఏ జనాభా లెక్కలోనూ లేరు. నాకు ప్రభుత్వం మీద ఉన్న అనుమానం మీకన్నా తక్కువ కాదు. అయినా నా ఇల్లు రాసుకోమని నేనే గణకుడి కోసం గట్టు మీద కాపు కాస్తాను.

కులం సంగతి మాత్రం నాకు గుచ్చుకుంటోంది. వచ్చే ఫిబ్రవరి లెక్కలో కులం అడుగుతారు. స్వాతంత్ర్యం వచ్చాక జనాభా లెక్కల్లో అందరి కులమూ అడగడం ఇదే మొదటిసారి. మా లంకలో ముప్పై అయిదు ఇళ్లే ఉన్నాయి. పేర్లు తీసేసి ఊరి వారీగా అంకెలు ప్రచురించినా, ఒకే ఒక్క ఇల్లున్న కులం ఏదో అందరికీ తెలిసిపోదా?

నల్లకోటు:

మంచి ప్రశ్న అడిగారు. పేరు లేకుండా ఉన్నంత మాత్రాన గోప్యత ఉన్నట్టు కాదు. చిన్న ఊళ్లకు సంబంధించిన అంకెలను కలిపి గాని, పట్టికలో మరీ చిన్న అంకెలున్న గడులను మూసి గాని ప్రచురించాలి. కులపు పట్టికలను ఏ స్థాయి వరకు విడుదల చేస్తారో ఫిబ్రవరికి ముందే బహిరంగంగా చెప్పమని మనం కోరాలి. 2011లో విడిగా జరిగిన సామాజిక ఆర్థిక కుల సర్వేలో కులాల అంకెలు బయటకు రాకుండానే ఉండిపోయాయి. అన్నీ దాచడం, అన్నీ పరవడం రెండూ సరికావు.

రాజోలు రేవు:

మీ అందరి రాతలూ అమ్మకు చదివి వినిపించాను. మామ్మగారి పెనిమిటి పేరు సంగతి ఆమెకు బాగా నచ్చింది. రెండుసార్లు చదివించుకుంది. తరువాత ఆ టీచరు గారికి ఫోను చేయమంది. ఆవిడ నిన్న సాయంత్రం వచ్చారు. ఇది రేషను వారికి గాని పింఛను వారికి గాని వెళ్లదని మీ నోటితో చెప్పండి అని అమ్మ అడిగింది. ఈ చట్టం కింద వెళ్లకూడదు, నా చేతి నుంచి మాత్రం వెళ్లదు అన్నారు ఆవిడ. వెళ్లదు అనకుండా వెళ్లకూడదు అన్నందుకే అమ్మ ఆవిడను నమ్మింది. కారు ఉందని దిద్దించింది.

దాళ్వా రైతు:

వకీలు గారికి నమస్కారం. ఈ ఉదయం శిస్తు ధాన్యం బస్తాలు లెక్క చూసుకోవడానికి వెళ్లినప్పుడు, ఫిబ్రవరిలో లెక్కల వారికి సాగుదారునని చెబుతానని కామందు గారికి నేనే చెప్పేశాను. అది కోర్టుకు పనికిరాదని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఈ ఏడు తూకం సరిగా ఉందా అని అడిగి లోపలికి వెళ్లిపోయారు. సార్వా నాట్లు దగ్గర పడ్డాయి, భూమి విషయం ఇంకా ఏమీ తేల్చలేదు.