టెక్సాస్ లాంగ్‌హార్న్స్ ఆల్‌టైమ్ రన్నింగ్ బ్యాక్: ఎర్ల్ క్యాంప్‌బెల్లా, రికీ విలియమ్సా?

శ్రీను_ఫ్రిస్కో
యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ లాంగ్‌హార్న్స్‌కి ఆడిన రన్నింగ్ బ్యాకుల్లో (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లలో) నంబర్ వన్ ఎవరు? నా ఓటు రికీకే. 1995 నుంచి 98 దాకా 6,279 గజాలు, 72 రన్నింగ్ టచ్‌డౌన్లు. క్యాంప్‌బెల్ 1974-77లో 4,443 గజాలు, 40 టచ్‌డౌన్లు. ఇద్దరికీ హైస్‌మన్ (ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే ట్రోఫీ) ఉంది. 1,800 గజాల తేడా కళ్ల ముందు కనిపిస్తుంటే ఇంకా చర్చ ఏముంది?

టైలర్_గులాబీ
మీ లెక్కలో విష్‌బోన్ (క్వార్టర్‌బ్యాక్ వెనక ముగ్గురు పరిగెత్తేవాళ్లు నిలబడే పద్ధతి) లేదు, అదీ చర్చ. మొదటి మూడేళ్లు క్యాంప్‌బెల్ కోచ్ డారెల్ రాయల్ విష్‌బోన్‌లో ఫుల్‌బ్యాక్, అంటే ఆ ముగ్గురిలో ముందుండేవాడు. అందులో ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, డిఫెన్స్‌లో ఒకడి మీద కన్నేస్తాడు. వాడు లోపలికి దూకితే బంతి వెనక్కి లాక్కుని పక్కకి పోతాడు. అంటే ఫుల్‌బ్యాక్‌కి బంతి దక్కాలా వద్దా అన్నది అవతలి వాళ్ల చేతిలో ఉంటుంది. 1977లో ఫ్రెడ్ ఏకర్స్ కోచ్‌గా వచ్చి ఎర్ల్‌ని ఐ ఫార్మేషన్‌లో (అందరూ ఒకే వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడే పద్ధతి) టెయిల్‌బ్యాక్‌గా అందరి వెనక నిలబెట్టాడు. అక్కడి నుంచి లైన్ మొత్తం కనిపిస్తుంది, సందు ఎంచుకునే వీలుంటుంది. ఫలితం 267 క్యారీల్లో (బంతితో పరుగుల్లో) 1,744 గజాలు, క్యారీకి 6.5. రికీ హైస్‌మన్ సీజన్‌లో 361 క్యారీలకి 2,124, అంటే 5.9.

శ్రీను_ఫ్రిస్కో
5.9 చూపించి 1997ని చాప కింద దాచేశారు. ఆ ఏడు 279 క్యారీల్లో 1,893, క్యారీకి 6.8. టీమ్ నాలుగు గెలిచి ఏడు ఓడింది. బంతి ఎవరికిస్తారో స్టేడియంలో పల్లీలు అమ్మేవాడికీ తెలుసు. అన్నట్టు రికీ కూడా మొదటి రెండేళ్లు ఫుల్‌బ్యాకే. ఫ్రెష్‌మన్‌గా (కాలేజీ మొదటి ఏడాది) 990 కొట్టి చెరిపేసింది ఎర్ల్ 928 రికార్డునేనని మీకు చెప్పక్కర్లేదు.

కేశవ్ కె
సెడ్రిక్ బెన్సన్‌ని ఎవరూ తలవరేం? 5,540 గజాలు, నాలుగేళ్లూ వెయ్యి దాటాడు. రికీ ఆ 990 దగ్గరే పది గజాల్లో తప్పిపోయాడు.

టైలర్_గులాబీ
బెన్సన్ లెక్కలో బౌల్ గేముల (సీజన్ అయ్యాక ఆడే మ్యాచుల) గజాలు కలిశాయి కేశవ్ గారూ. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ బౌల్ గేములు కలపడం మొదలెట్టింది 2002 నుంచి. పైగా 1,112 క్యారీలకి సగటు 5 కూడా లేదు.

శ్రీను_ఫ్రిస్కో
మంచి మాట. రికీ 6,279లో బౌల్ గజాలు ఒక్కటీ లేవు. 1999 కాటన్ బౌల్‌లో మిసిసిపీ స్టేట్ మీద కొట్టిన 203 కలపమంటారా?

టైలర్_గులాబీ
కలపండి. ఎర్ల్‌కి కాటన్ బౌల్‌లో నోటర్ డామ్ మీద వచ్చిన 116 కూడా కలపండి.

శ్రీను_ఫ్రిస్కో
11-0తో వెళ్లి 38-10తో ఓడిన మ్యాచే కదా. కలిపాను.

ఆస్టిన్_అరవింద్
బీజన్ రాబిన్సన్: 539 క్యారీలు, 3,410 గజాలు, క్యారీకి 6.3. మీ ఇద్దరి హీరోలకంటే ఎక్కువ.

టైలర్_గులాబీ
బీజన్ సంగతి తర్వాత. ముందు రికీ 1998 చూద్దాం. రైస్ మీద 318, వెంటనే అయోవా స్టేట్ మీద 350. సీజన్ గజాల్లో దాదాపు మూడో వంతు ఆ రెండు మ్యాచుల్లోనే. గట్టి డిఫెన్స్ ఎదురైన చోట, కాన్సాస్ స్టేట్ మీద, 25 క్యారీలకి 43. ఎర్ల్ ఎలా పరిగెత్తేవాడో తెలియాలంటే డిఫెండర్ ఛాతీలో తలతో గుద్ది, చొక్కా చిరిగినా ఆగకుండా పోయే క్లిప్ ఒకటుంది, చూడండి.

శ్రీను_ఫ్రిస్కో
ఆ క్లిప్ 1978 నాటిది! ప్రొఫెషనల్ టీమ్ హ్యూస్టన్ ఆయిలర్స్ చొక్కా, ఎదురుగా రామ్స్. ఇంతసేపూ ఆయిలర్స్ ఎర్ల్‌ని లాంగ్‌హార్న్ అని అమ్ముతున్నారా? నెబ్రాస్కా సొంతగడ్డ మీద వరసగా 47 గెలిచిందే, ఆ వరస తెగిన రోజు రికీ కొట్టింది 150. టెక్సాస్ ఏ అండ్ ఎం మీద 259. అదే మ్యాచ్‌లో టోనీ డోర్సెట్ కాలేజీ కెరీర్ రికార్డు 6,082 గజాలు బద్దలైన ఆ 60 గజాల పరుగు చూడండి, ఫుల్‌బ్యాక్ ముందు దారి తీస్తే, గోల్ లైన్ దగ్గర డిఫెండర్ వేలాడుతున్నా ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లాడు. అది కాలేజీ క్లిప్పండీ.

టైలర్_గులాబీ
క్లిప్ విషయంలో పొరపాటు నాదే. వెటకారం మాత్రం అక్కర్లేదు. నేను అడిగేది ఎవరు ఎక్కువ పోగేశారని కాదు. ఒక్క సీజన్‌కి ఒక్కణ్ణే తీసుకోమంటే ఎవర్ని తీసుకుంటారు? టెయిల్‌బ్యాక్‌గా దొరికింది ఒక్క ఏడాదే, ఆ ఏడాదిలో ఎర్ల్ ఏం చేశాడో చూడమంటున్నాను.

శ్రీను_ఫ్రిస్కో
అలా ముందే చెప్పాల్సింది. నేను నాలుగేళ్ల ఆటగాణ్ణి కొలుస్తున్నాను, మీరు 1977ని కొలుస్తున్నారు. ఇక విష్‌బోన్ కట్టిపడేసిందన్న మాటకి జవాబు: 1973లో రూజ్‌వెల్ట్ లీక్స్. అదే రాయల్, అదే విష్‌బోన్, అదే ఫుల్‌బ్యాక్ స్థానం, 1,415 గజాలు. ఎస్‌ఎంయూ మీద ఒక్క మ్యాచ్‌లో 342.

కేశవ్ కె
😶

టైలర్_గులాబీ
లీక్స్ లెక్క నిజమే. విష్‌బోన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాను. కానీ 1976లో ఎర్ల్ హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) దెబ్బతో 653 దగ్గర ఆగాడు, మీ మొత్తాల్లో ఆ గాయం ఎక్కడా కనిపించదు. కెరీర్ మొత్తమే కొలబద్ద అంటే క్రిస్ గిల్బర్ట్‌కి ఏం చెబుతారు? ఫ్రెష్‌మన్లని ఆడనివ్వని రోజులవి. 1966 నుంచి 68 దాకా ఆడిన మూడేళ్లూ వెయ్యి దాటాడు, కాలేజీ ఫుట్‌బాల్లో అలా చేసిన మొదటివాడు. ఆ నాలుగో ఏడాది ఎవరు ఇచ్చారు అతనికి?

శ్రీను_ఫ్రిస్కో
ఎవరూ ఇవ్వలేదు. అందుకే నా లిస్టులో అతను నాలుగోవాడు. ఎర్ల్ రెండు.

ఆస్టిన్_అరవింద్
బీజన్ గురించి తర్వాత అన్నారు...