ఆటబల్ల దగ్గర పుట్టే క్వీర్ ప్రేమకథను తెలుగులో రాస్తున్నాను: ఆటను ఎంతవరకు రానివ్వాలి?

బెళ్లందూరు పాఠకురాలు (ప్రశ్న)

నమస్కారం. నేను బెంగళూరులో ఉంటూ మూడేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మరో ఐదుగురితో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాను. ఆ అనుభవం నుంచే, ఇద్దరు స్త్రీల ప్రేమ ఇటువంటి ఆటబల్ల దగ్గర మొదలై పెరిగే నవల ఒకటి తెలుగులో రాయడానికి పూనుకుని, ఏడో ప్రకరణం దగ్గర ఆగిపోయాను.

ఆట పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఇందులో ఒకరు కథ నడుపుతారు, వారిని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావారు తలా ఒక పాత్రను తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో నోటితో చెబుతారు. ఫలితం తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తొలిసారి వెలువరించిన ఈ ఆటకు 2014లో అయిదో కూర్పు వచ్చినప్పుడు, పాత్రను స్త్రీ, పురుషుడు అనే రెండు గడులలోనే ఊహించుకోనవసరం లేదని ఆటగాళ్ల పుస్తకంలోనే స్పష్టంగా రాశారు. ఆ ఒక్క మాట కొత్తగా వచ్చి కూర్చున్నవారికి ఎంత ధైర్యం ఇస్తుందో మా బల్ల దగ్గర నేను కళ్లారా చూశాను.

ఇంగ్లీషులో ఈ తరహా క్వీర్ ప్రేమ నవలలను చర్చ్ స్ట్రీట్ దుకాణాల్లో దొరికినన్ని తెచ్చుకుని చదివాను. కొన్నింటిని ఎంతో ఇష్టపడ్డాను. అయితే చాలావాటిలో ఆటను తీసివేసి దాని స్థానంలో వంట తరగతినో నాట్య తరగతినో పెట్టినా కథలో ఒక్క ముడి కూడా కదలదు. నా నవలలో అలా జరగకూడదని నా కోరిక.

నా కథలో నెల్లూరు నుంచి వచ్చిన అమ్మాయి ఆటలో ఒక పురుష యోధుడి పాత్ర తీసుకుంటుంది, హిందూపురం నుంచి వచ్చిన అమ్మాయి ఒక దొంగ పాత్ర తీసుకుంటుంది, ఆ దొంగ స్త్రీ. ఆటలో ఆ రెండు పాత్రలూ దగ్గరవుతుంటే, పైకి అది స్త్రీపురుషుల ప్రేమే కనుక, మిగిలిన నలుగురూ మురిసిపోతూ ప్రోత్సహిస్తారు. బల్ల దగ్గరి నుంచి లేచాక మాత్రం వాళ్లు మీరు, మీరు అని పిలుచుకునే ఇద్దరు సహోద్యోగినులు. పాత్ర మాట ఎక్కడ ఆగుతుందో, మనిషి మాట ఎక్కడ మొదలవుతుందో పాఠకుడికి తెలిసీ తెలియనట్టు ఉండాలి. పాచికలూ నియమాలూ ఎంత రాయాలి, యోధుడు కత్తి దూసినప్పుడు దూశాడని రాయాలా దూసిందని రాయాలా అన్న రెండు చోట్లా నాకు చేయి ఆడడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాచికల సంచి

చెన్నైలో పదేళ్లుగా ఆటలు నడుపుతున్నవాడిని కనుక పాచికల గురించి మాత్రం చెబుతాను. ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడే అవకాశం 5 శాతం. రెండు పాచికలు వేసి పెద్ద సంఖ్య తీసుకునే వెసులుబాటు దొరికినా అది 9.75 శాతమే. నేను చదివిన ప్రేమ నవలల్లో మాత్రం నాయిక గుండె వేగంగా కొట్టుకున్న ప్రతిసారీ ఇరవై పడుతుంది, ఆడే అలవాటున్న పాఠకుడికి ఆ క్షణంలోనే కథ మీద నమ్మకం సడలుతుంది. మీ నవల మొత్తంలో ఇరవై ఒక్కసారే పడనివ్వండి, అది కూడా ప్రేమకు సంబంధం లేని ఏ తాళం తీసే సందర్భంలోనో పడితే ఇంకా మంచిది.

ఆ పాచిక అవును, కాదు అని తేల్చివేస్తుంది. ప్రేమకు పనికివచ్చే తీర్పులు వేరే ఆటల్లో ఉన్నాయి. 2012లో ఏవరీ ఆల్డర్ రూపొందించిన మాన్‌స్టర్‌హార్ట్స్‌లో రెండు ఆరు ముఖాల పాచికలు వేసి, మొత్తం పది లేదా అంతకు మించి వస్తే అనుకున్నది నెరవేరినట్టు, ఆరు లేదా అంతకు తక్కువైతే కథ ఎదురు తిరిగినట్టు, ఏడు నుంచి తొమ్మిది వరకు వస్తే నెరవేరింది గానీ మనసుకు పూర్తిగా నచ్చని తీరులో నెరవేరినట్టు లెక్క వేస్తారు. పాత్రకు ఉన్న బలాబలాలు కలపకుండా చూస్తే ముప్పై ఆరు సార్లలో పదిహేను సార్లు ఆ మధ్య ఫలితమే వస్తుంది. అదే ఆటలో, మీ పాత్ర మనసు ఎవరిని చూసి చలిస్తుందో మీరు నిర్ణయించలేరన్న నియమం ఉంది. చలించాక ఏం చేయాలన్నది మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. తాను కలలో కూడా అనుకోని చోట మనసు నిలిచిందని కనుగొన్న మనిషి స్థితిని ఒక నియమంగా ఇంత సూటిగా చెప్పిన ఆటను నేను మరొకటి చూడలేదు.

మరొకటి, 2019లో వచ్చిన అలెక్స్ రాబర్ట్స్ ఆట స్టార్ క్రాస్డ్. దగ్గర కావాలని ఎంతో ఉన్నా దగ్గర కాకూడని ఇద్దరి కథ అది, ఆడేదీ ఇద్దరే. పాచికలకు బదులు చెక్క దిమ్మెలను గోపురంలా పేర్చి, కథ సాగుతున్న కొద్దీ ఒక్కొక్క దిమ్మె లాగుతారు, గోపురం కూలిన క్షణాన పాత్రలు దాచుకున్నది దాచుకోలేకపోతాయి. మీ ఏడో ప్రకరణంలో వానకు అవుటర్ రింగ్ రోడ్డు మునిగి మిగతా నలుగురూ రాలేకపోయిన ఆదివారం ఒకటి పెట్టి, ఆ ఇద్దరి చేత ఇది ఆడించి చూడండి. అక్కడ నియమాలు వివరించే పని కూడా ఉండదు, ఎందుకంటే వణుకుతున్న చేతికి కారణం దిమ్మె ఒక్కటే కాదని ఆట తెలియని పాఠకుడు కూడా గ్రహిస్తాడు.

పాత తెలుగు మాస్టారు

నేను ఈ ఆట ఆడలేదు. మా అమ్మాయి స్నేహితులు ఆడుతుంటే పక్క గదిలోంచి ఎన్నో సాయంత్రాలు విన్నాను. దూశాడా, దూసిందా అన్న మీ ప్రశ్న నన్ను రెండు రోజులు వదలలేదు, ఎందుకంటే మీరు ఇబ్బంది అనుకుంటున్నది నాకు ఈ కథను తెలుగులోనే రాయడానికి తగిన కారణంగా కనబడుతోంది.

తెలుగులో నేను వెళతాను అన్నప్పుడు వెళ్లేది స్త్రీయో పురుషుడో క్రియ చెప్పదు. నువ్వు వెళతావు అన్నప్పుడూ చెప్పదు. హిందీలో అయితే నేను అన్న మాట వెంటనే క్రియలో లింగం బయటపడుతుంది. మన భాషలో ప్రథమ పురుష ఏకవచనానికి వచ్చేసరికి గానీ డు, ది అన్న తేడా మొదలు కాదు. ఆటబల్ల దగ్గర జరిగే సంభాషణ అంతా నేను, నువ్వు అన్న రెండు మాటల మీదే నడుస్తుంది. నువ్వేం చేస్తావని డీఎం అడుగుతారు, తలుపు దగ్గర నిలబడి నిన్ను కాపాడతాను అని నెల్లూరు అమ్మాయి హిందూపురం అమ్మాయి వైపు చూసి అంటుంది. ఆ వాక్యం యోధుడిదీ అవుతుంది, ఆ అమ్మాయిదీ అవుతుంది, ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. కనుక ఆట భాగాలను వీలైనంతవరకు సంభాషణలోనే నడిపించండి.

కథనంలో ప్రథమ పురుష తప్పనిసరైన చోట, చూస్తున్నది ఎవరి కళ్లో ముందు నిర్ణయించుకోండి. మొదటి ఆరు ప్రకరణాల్లో హిందూపురం అమ్మాయి దృష్టిలో యోధుడు కత్తి దించాడు, గుర్రం ఎక్కాడు, గాయపడ్డాడు అని రాస్తూ వచ్చి, ఏడో ప్రకరణంలో ఒక్కచోట, ఏ వివరణా లేకుండా, కత్తి దించింది అని రాయండి. బల్ల చుట్టూ ఉన్న మిగతావారు దించాడనే అంటుంటారు. ఆమెకు కనబడుతున్నది యోధుడు కాదని పాఠకుడికి తెలియడానికి క్రియ చివర ఆ మార్పు చాలు. స్త్రీపురుష భేదానికి లోబడని పాత్ర మీ బల్ల దగ్గర ఉంటే వచ్చారు, అన్నారు అన్న గౌరవ రూపం పనికివస్తుంది గానీ, దానితో పాటు కొంత దూరం కూడా వస్తుందని గుర్తుంచుకోవాలి.

నువ్వు, మీరు అన్న భేదం ఇంతకన్నా విలువైనది. ఆటలో పాత్రలు నువ్వు అనుకుంటాయి, బయట ఆ ఇద్దరూ మీరు అనుకుంటారని మీరే రాశారు. ఆట ముగిశాక వంటింట్లో టీ కలుపుతూ ఒకరు, నీకు చక్కెర ఎంత వేయమంటావు అని అడిగితే, రెండో ఆమె ఆ నీకు అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఆ నీకు ఆటలోంచి జారిపడిందో, కావాలనే అన్నదో అడగడానికి ఆమెకు మాట రాదు.

పురుషులు స్త్రీ పాత్ర ధరించడం మన రంగస్థలానికి కొత్త కాదు. స్థానం నరసింహారావు గారి సత్యభామను, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను తెలుగువారు తలమీద పెట్టుకున్నారు. అయితే అక్కడ వేషం తీశాక ప్రేక్షకులు ఇంటికి వెళ్లిపోతారు. మీ బల్ల దగ్గర ప్రేక్షకులు విడిగా లేరు, అందరూ వేషంలో ఉన్నవారే. ఆ తేడాను మీ నవల వాడుకోవాలి.

గోపురం కూలకముందు

పైన చెప్పినవన్నీ నాకు నచ్చాయి, అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. పాత్ర చాటున చెప్పే ప్రేమ వినేవారికి ఎలా ఉంటుందో ఎవరూ ప్రస్తావించలేదు. నేను ఆడిన ఒక బల్ల దగ్గర ఒకరు తన పాత్ర నోటితో నా పాత్రకు వారం వారం ప్రేమ చెబుతూ వచ్చారు. అది ఆటో, నిజమో తెలియక, కాదంటే అందరి ఆట పాడవుతుందన్న భయంతో నాలుగు నెలలు నవ్వుతూ కూర్చుని, చివరికి ఆ బృందాన్నే వదులుకున్నాను. ఆటలోని భావం ఆడేవారి మీదికి పొంగిరావడాన్ని ఈ ఆటలవాళ్లు బ్లీడ్ అంటారు, దానిని మధురమైన విషయంగా మాత్రమే రాస్తే సగమే రాసినట్టు అవుతుంది.

జాన్ స్టావ్‌రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ మీ బల్ల మీద ఉందా? ఎవరికైనా ఒక సన్నివేశం ఇబ్బందిగా ఉంటే ఆ కార్డును తాకితే చాలు, సన్నివేశాన్ని మార్చివేస్తారు, కారణం చెప్పనవసరం లేదు. మీ కథలో నలుగురూ మురిసిపోతున్న ఘట్టంలో హిందూపురం అమ్మాయి ఆ కార్డు తాకాలి. ఇష్టం లేక తాకిందని నెల్లూరు అమ్మాయి అనుకుంటుంది. నిజానికి తన మనసులో ఉన్న మాటను నలుగురి వినోదంగా మార్చడం సహించలేక తాకింది. కారణం అడగకూడదన్నది నియమం కనుక ఆ అపార్థం ఎంతకాలమైనా నిలుస్తుంది, అది ఆట లేకపోతే పుట్టని ముడి.

బెళ్లందూరు పాఠకురాలు

మీకు జరిగినది పంచుకున్నందుకు కృతజ్ఞతలు. నా నవలలో ఆ నలుగురినీ ఇంతవరకు అమాయకులుగానే రాశాను, వారి మురిపెం కూడా ఒక ఒత్తిడేనని మీరు చెప్పాక వారి మాటలన్నీ మళ్లీ రాస్తున్నాను. కార్డు ఘట్టాన్ని మీ అనుమతితో తీసుకుంటాను. వాన కురిసిన ఆదివారం దాని తరువాతి ప్రకరణం అవుతుంది, ఇద్దరే మిగిలినప్పుడు కూడా కార్డు బల్ల మీదే ఉంటుంది.

మాస్టారూ, ఆరు ప్రకరణాల్లోనూ క్రియలు వెదికి చూశాను. తొందరలో మూడుచోట్ల యోధుడికి నాకు తెలియకుండానే స్త్రీలింగ క్రియ రాసేశాను. రెండు దిద్దాను, మూడోది హిందూపురం అమ్మాయి నిద్రమత్తులో ఉన్న చోట వచ్చింది కనుక దానిని ఉంచేయాలని ఉంది.

ముగింపు గురించి ఎవరైనా చెబితే బాగుంటుంది. ప్రేమ నవల చదివేవారు సుఖాంతం కోరతారు, తెలుగు నవలలో సుఖాంతమంటే పెళ్లి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమను నేరం కాదన్నది గానీ, 2023 అక్టోబరు 17 తీర్పులో పెళ్లికి గుర్తింపు ఇవ్వకుండా ఆ విషయాన్ని చట్టసభలకు విడిచిపెట్టింది. ప్రస్తుతానికి నా చివరి ప్రకరణంలో ఇద్దరి పేర్లతో ఒక అద్దె ఒప్పందం, ఆరుగురు కూర్చోగల బల్ల ఉన్నాయి.

పాచికల సంచి

బల్లను ముందు లోపలికి చేర్చండి. కొత్త ఇంట్లో మొదటి ఆదివారం డీఎం నువ్వేం చేస్తావని అడిగితే ఆ ఇద్దరిలో ఎవరు ముందు సమాధానం చెబుతారో రాసి చూశాక, ఒప్పందం కాగితం అవసరమో కాదో మీకే తెలుస్తుంది.