బ్రిటన్‌లో ఇండియన్లు పైకొచ్చారు, పాకిస్తానీలు వెనకబడ్డారు: తేడా సంస్కారంలోనే ఉందా?

కృష్ణాతీరం

మా కాలేజీ పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టిన మెసేజ్ ఇది: "ఇద్దరూ ఒకే నేల నుంచి, ఒకే రోజుల్లో బ్రిటన్ వెళ్ళారు. మనవాళ్ళు డాక్టర్లయ్యారు, షాపులు కొన్నారు, ప్రధానమంత్రి పదవి దాకా వెళ్ళారు. పాకిస్తానీలు ట్యాక్సీల దగ్గరే ఆగిపోయారు. తేడా అంతా సంస్కారంలోనే ఉంది." చదువుకున్నవాళ్ళే వరసపెట్టి మెచ్చుకున్నారు. నేను ఒప్పుకోలేను, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తేడా ఉన్నమాట నిజమే. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లాండ్, వేల్స్‌లో కలిపి ఇండియన్లు 18.6 లక్షలు, పాకిస్తానీలు 15.9 లక్షలు. గంట జీతం చూస్తే ఇండియన్లు తెల్లవాళ్ళను దాటారు, పాకిస్తానీలు వాళ్ళకంటే కిందే ఉన్నారు. ఇంటి అద్దె, వాయిదాలు పోగా మిగిలే ఆదాయం లెక్కేస్తే, పాకిస్తానీ కుటుంబాల్లో దాదాపు సగం మంది పేదరికంలో ఉన్నట్టు ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. దీన్ని కాదనడం లేదు.

నేను కాదనేది "ఒకే రోజుల్లో, ఒకేలా వెళ్ళారు" అన్న మాటను. ఎవరు వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, ఏ ఊళ్ళో దిగారు అన్నవి చూడకుండా రెండు సగటులు పక్కపక్కన పెట్టి ఒక జాతి గుణం తేల్చేయడం అన్యాయం. ఇక్కడ యూకేలో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, చెప్పండి.

విశాఖ పాతనగరం

కృష్ణాతీరం గారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ ప్రతిదానికీ పరిస్థితులనే కారణంగా చూపిస్తే మనుషులు చేసుకునే ఎంపికలకు విలువే ఉండదు. పాకిస్తానీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళడం ఇండియన్ ఇళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. ఒక జీతం మీద ఐదారుగురు బతికే ఇంటికీ, రెండు జీతాలొచ్చే ఇంటికీ తేడా రాకుండా ఎలా ఉంటుంది? పైగా తరం తర్వాత తరం పెళ్ళికొడుకునో పెళ్ళికూతుర్నో సొంతూరి నుంచే తెచ్చుకుంటారు. వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు రాదు, పుట్టిన పిల్లలు మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. దగ్గరి చుట్టాల్లోనే పెళ్ళిళ్ళు, వాటివల్ల జబ్బులు. ఇదంతా తెల్లవాళ్ళు రుద్దింది కాదు.

యార్క్‌షైర్ తెలుగు

నేను ఉత్తర ఇంగ్లాండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్నాను. నా దగ్గరికొచ్చే రోగుల్లో ఎక్కువమంది మీర్‌పూర్ కుటుంబాల వాళ్ళే. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

బ్రిటన్ పాకిస్తానీల్లో పెద్ద భాగం పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోని మీర్‌పూర్ ప్రాంతం నుంచి వచ్చారు. కొండ పొలాలు, వర్షాధారం సేద్యం. బ్రిటిష్ ఓడల్లో బాయిలర్లకు బొగ్గు వేసే పనికి ఆ ఊళ్ళవాళ్ళు ముందునుంచే వెళ్ళేవారు. 1960లలో జీలం నది మీద మంగళా డ్యామ్ కట్టారు. పాత మీర్‌పూర్ పట్నంతో సహా వందల ఊళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి, లక్షమందికి పైగా ఇళ్ళు పోగొట్టుకున్నారు. శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్ళ గోడు విన్న మనకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. నష్టపరిహారం చేతిలో పెట్టుకుని, ఓడల్లో ముందే వెళ్ళిన బంధువుల చిరునామా పట్టుకుని చాలామంది ఇంగ్లాండ్ బయల్దేరారు. బడి మొహం చూడనివాళ్ళే ఎక్కువ.

ఇక్కడ వాళ్ళకు దొరికింది ఉన్ని మిల్లుల్లో రాత్రి షిఫ్టు. ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో రాత్రిపూట పనిచేయకూడదని అప్పట్లో చట్టం ఉండేది, తెల్ల మగవాళ్ళు ఆ జీతానికి వచ్చేవాళ్ళు కాదు. మగ్గాల చప్పుడులో పక్కవాడి మాట కూడా వినపడదు, పక్కవాడూ మీర్‌పూర్ వాడే. పగలంతా నిద్ర. అలా పదేళ్ళు, పదిహేనేళ్ళు చేసినవాడికి ఇంగ్లీషు ఎక్కడ అబ్బుతుంది? 1970లు, 80లలో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. యాభై ఏళ్ళ మనిషికి చదువు లేదు, భాష లేదు, చెవులు సగం పోయాయి. చేతిలో డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటే ఉంది. ట్యాక్సీల కథ అక్కడ మొదలైంది.

మన డాక్టర్లు వచ్చిన దారి వేరు. 1960ల నుంచి ఎన్‌హెచ్‌ఎస్‌కు, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవకు, డాక్టర్లు చాలక మనదేశం నుంచి పిలిపించుకున్నారు. గుంటూరు, విశాఖ మెడికల్ కాలేజీల్లో ప్రభుత్వ ఖర్చుతో చదువుకుని వచ్చినవాళ్ళు వాళ్ళు. అప్పట్లో వాళ్ళకూ మంచి పోస్టులు ఇవ్వలేదు, తెల్ల డాక్టర్లు వద్దనుకున్న గని ఊళ్ళకూ, ముసలివాళ్ళ వార్డులకూ పంపారు. అయినా చేతిలో డిగ్రీ ఉంది కదా. ఎంబీబీఎస్ చదివిన మనిషినీ, డ్యాములో పొలం పోయిన మనిషినీ ఒకే బరిలో దింపి సంస్కారం పోటీ పెట్టడం ఏం న్యాయం?

చుట్టరికం పెళ్ళిళ్ళ సంగతి. విశాఖ గారూ, మేనరికం మనకు తెలియనిదా? మా అమ్మమ్మ సొంత మేనమామనే చేసుకుంది. ఇక్కడ 2007లో మొదలైన "బోర్న్ ఇన్ బ్రాడ్‌ఫర్డ్" అనే పెద్ద పరిశోధన వేలమంది తల్లులనూ పిల్లలనూ ఏళ్ళ తరబడి గమనిస్తోంది. పుట్టుకతో వచ్చే లోపాల ప్రమాదం అలాంటి పెళ్ళిళ్ళలో దాదాపు రెట్టింపు, అంటే నూటికి మూడు నుంచి ఆరు అవుతుందని తేల్చింది వాళ్ళే. ఆ ప్రమాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను, రోజూ చూస్తున్నాను. కానీ పాకిస్తానీ తల్లుల్లో దగ్గరి చుట్టాన్ని చేసుకున్నవాళ్ళు పదేళ్ళ తేడాలో అరవై శాతం పైనుంచి యాభై లోపుకు పడిపోయారని చెప్పిందీ అదే పరిశోధన. చదువు పెరిగేకొద్దీ మన ఊళ్ళల్లో మేనరికం ఎలా తగ్గిందో అక్కడా అలాగే తగ్గుతోంది.

లెస్టర్ వాసి

మా ఊరి సంగతి కూడా కలపండి. మీరు "ఇండియన్ల విజయం" అంటున్నదాంట్లో పెద్ద వాటా అసలు ఇండియా నుంచి రానేలేదు. 1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆ దేశంలోని ఆసియా వాళ్ళను 90 రోజుల్లో వెళ్ళిపొమ్మన్నాడు. దాదాపు 28 వేలమంది బ్రిటన్ వచ్చారు. లెస్టర్ కౌన్సిల్ అయితే "మా ఊరికి రావద్దు" అని ఉగాండా ఆర్గస్ పత్రికలో ప్రకటనే ఇచ్చింది. అయినా వచ్చారు. ఆస్తులన్నీ అక్కడే పోయాయి, కానీ రెండు తరాల వ్యాపార అనుభవం, ఇంగ్లీషు చదువు, పద్దులు రాయడం వెంట వచ్చాయి. వెనక్కి వెళ్ళడానికి ఊరు లేదు, ఇంటికి పంపడానికి మనియార్డర్ లేదు. సంపాదించిన ప్రతి పౌండూ ఇక్కడే పెట్టారు.

ఆ ప్రధానమంత్రి ఉదాహరణ కూడా అంతే. రిషి సునాక్ తండ్రి కెన్యాలో, తల్లి టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా) పుట్టారు. తాతగారి ఊరు గుజ్రాన్‌వాలా ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది.

వాళ్ళకూ అంతా సాఫీగా సాగలేదు. 1974లో ఇక్కడి ఇంపీరియల్ టైప్‌రైటర్స్ ఫ్యాక్టరీలో బోనస్ విషయంలో తెల్లవాళ్ళకొక రూలు, తమకొక రూలు అని సమ్మె చేస్తే సొంత యూనియనే పట్టించుకోలేదు. 1976లో లండన్ గ్రన్విక్ ఫ్యాక్టరీలో జయాబెన్ దేశాయ్ నాయకత్వంలో చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు దాదాపు రెండేళ్ళు నిలబడ్డారు. చివరికి ఓడిపోయారు.

విశాఖ పాతనగరం

సరే, డాక్టర్లనూ ఉగాండా గుజరాతీలనూ పక్కన పెడదాం. మరి జలంధర్ సిక్కులు? వాళ్ళూ రైతులే. 1950లు, 60లలోనే వచ్చారు. వుల్వర్‌హాంప్టన్, స్మెథిక్ ఫౌండ్రీల్లో కరిగిన ఇనుము పోసే పని చేశారు. 80లలో ఆ ఫౌండ్రీలూ మూతపడ్డాయి. అయినా వాళ్ళ పిల్లలు మీర్‌పూర్ పిల్లల కంటే ముందున్నారు. దీనికేమంటారు?

కృష్ణాతీరం

చర్చ మొత్తంలో గట్టి ప్రశ్న ఇదే. నాకు కనిపించినంత వరకు చెబుతాను.

మొదటిది ఊరు. సిక్కుల్లో చాలామంది పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో స్థిరపడ్డారు. అక్కడ వాళ్ళు పనిచేసిన రబ్బరు ఫ్యాక్టరీ పోయినా పక్కనే హీత్రూ విమానాశ్రయం పెరుగుతూ పోయింది. వంటశాలలు, లగేజీ, క్లీనింగ్, ఆ తర్వాత ఆఫీసు ఉద్యోగాలు వచ్చాయి. ముఖ్యంగా ఆడవాళ్ళకు నడిచి వెళ్ళేంత దూరంలో, తోటి పంజాబీ ఆడవాళ్ళతో కలిసి చేసే పని దొరికింది. ఉత్తరాన ఉన్న మిల్లు ఊళ్ళు బ్రాడ్‌ఫర్డ్, ఓల్డమ్, బర్న్‌లీల్లో మిల్లు పోయాక దాని స్థానంలో పెద్దగా ఏమీ రాలేదు. 2001లో ఆ మూడు ఊళ్ళల్లోనూ అల్లర్లు రేగాయి. రెండోది ఇల్లు. ఇద్దరూ పైసా పైసా కూడబెట్టి వరస ఇళ్ళు కొన్నారు. లండన్ చుట్టుపక్కల కొన్న ఇల్లు ముప్పై ఏళ్ళలో ఒక ఆస్తి అయింది. దాన్ని చూపించి షాపుకు అప్పు తేవచ్చు, కొడుకును చదివించవచ్చు. బర్న్‌లీలో కొన్న ఇల్లు ఉండటానికే తప్ప ఎందుకూ పనికిరాలేదు. అంతే కష్టం, అంతే పొదుపు. ఊరు మారితే ఫలితం మారిపోయింది.

మతమో జాతిగుణమో కారణమైతే అట్లాంటిక్ దాటినా అదే జరగాలి. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్ళిన పాకిస్తానీల్లో డాక్టర్లు, ఇంజనీర్లు ఎక్కువ. ఇవాళ అక్కడ పాకిస్తానీ కుటుంబాల ఆదాయం దేశ సగటును దాటింది. అదే దేశం, అదే మతం. మారింది వీసా ఇచ్చేటప్పుడు ఎవర్ని ఎంచుకున్నారన్నదే. లండన్‌లో చూసినా అంతే. సిల్హెట్ పల్లెల నుంచి వచ్చిన బంగ్లాదేశీలు ఒకప్పుడు చదువులో అట్టడుగున ఉండేవారు. లండన్ బడుల మీద ప్రభుత్వం డబ్బూ శ్రద్ధా పెట్టాక వాళ్ళ పిల్లలు పదహారేళ్ళ పరీక్షల్లో తెల్లపిల్లలను దాటేశారు.

ఆడవాళ్ళ ఉద్యోగాల సంగతిలో మీరన్నదాంట్లో బలం ఉంది. కట్టుబాట్ల పాత్ర ఉంది, పిల్లల్ని ఎవరు చూసుకోవాలన్న లెక్కా ఉంది. అయితే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాక ఏమవుతుందో కూడా చూడాలి. 2009లో ప్రభుత్వమే ఒక పరీక్ష చేయించింది. ఒకే అర్హతలున్న బయోడేటాలు వేర్వేరు పేర్లతో కంపెనీలకు పంపారు. తెల్ల పేరుకు తొమ్మిది దరఖాస్తులకు ఒక పిలుపు వస్తే, ఆసియా, ఆఫ్రికా పేర్లకు పదహారు పంపాల్సి వచ్చింది. తెర వెనక ఇలాంటిది నడుస్తుంటే ఇంట్లో కూర్చున్న ఆడపిల్లను బద్ధకస్తురాలు అనడానికి నాకు నోరు రాదు.

యార్క్‌షైర్ తెలుగు

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా వార్డుకు ఒక పెద్దావిడ వస్తుంది. సంతకం చేయడం రాదు, వేలిముద్రే. ఒకప్పుడు కూతురు బడి మానేసి వచ్చి తల్లికి మా మాటలు వాళ్ళ పహాడీ భాషలో చెప్పేదట. ఇప్పుడు మనవరాలు వస్తోంది. ఫార్మసీ చదువుతోంది. మేం చెప్పింది అవ్వకు చెప్పడమే కాదు, మందుల చీటీలో రెండు మందులు ఒకదానికొకటి పడవని మా జూనియర్‌కే చూపించింది. ఆ పిల్ల ఒక్కతే అనుకోకండి. పాకిస్తానీ పిల్లలు యూనివర్సిటీకి వెళ్ళడం ఇప్పుడు తెల్లపిల్లల కంటే ఎక్కువ. కానీ పట్టా చేతికొచ్చాక అదే స్థాయి ఉద్యోగం, అదే జీతం రావడం లేదు. పట్టా కూడా వచ్చాక ఇంకా సంస్కారాన్ని అంటామా?

పాలమూరు పిల్ల

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. "ఇండియన్లు పైకొచ్చారు" అంటుంటే నాకు ఊపిరి ఆడటం లేదు. ఆ ఇండియన్లలో నేనూ ఉన్నాను కదా.

మాస్టర్స్‌కని వచ్చాను. మా నాన్న ఎకరంన్నర తాకట్టు పెట్టాడు. వారానికి ఇరవై గంటలే పనిచేయాలి, గోదాములో రాత్రి షిఫ్టు. మూడు గదుల ఇంట్లో ఎనిమిది మందిమి, అందరం తెలుగువాళ్ళమే. పొద్దున షిఫ్టు వాళ్ళు లేస్తే రాత్రి షిఫ్టు వాళ్ళం అదే పరుపు మీద పడుకునేవాళ్ళం. చదువైపోయాక ముసలివాళ్ళను చూసుకునే కేర్ వీసాలోకి మారాను. ఉద్యోగమిచ్చే సంస్థ వీసాకు పూచీ పడటాన్నే స్పాన్సర్‌షిప్ అంటారు, దానికోసం ఏజెంటు లక్షలు తీసుకున్నాడు. చేరాక చెప్పినన్ని గంటలు ఇవ్వలేదు. అడిగితే వీసా రద్దు చేయిస్తామన్నారు. రద్దయితే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఆ టెన్షన్‌తో నోరు మూసుకున్నాను.

మాకు రాత్రి డ్యూటీకి లిఫ్ట్ ఇచ్చే డ్రైవర్ అంకుల్ పాకిస్తానీ. "మా నాన్నా ఇలాగే పంచుకున్న పరుపు మీదే పడుకున్నాడు బిడ్డా" అన్నాడు. సగటు లెక్కలో ఆయన వెనకబడినవాడు, నేను పైకొచ్చినదాన్ని. ఆయనకు సొంత ఇల్లుంది, పౌరసత్వం ఉంది. నాకు రెండూ లేవు.

విశాఖ పాతనగరం

అమ్మా, నువ్వు రాసింది చదివాక మనసు కలుక్కుమంది. కట్టుబాట్ల విషయంలో నా మాట నాదే. కానీ ఇండియన్లు అని ఒక్క ముద్దగా లెక్కేయడం సరికాదన్నది ఒప్పుకుంటాను. మా బావమరిది కూతురు నర్సింగ్ పూర్తిచేసింది. ఒక ఏజెంటు పన్నెండు లక్షలిస్తే యూకే కేర్ వీసా ఇప్పిస్తానంటున్నాడు. ఏం చెప్పమంటావు?

పాలమూరు పిల్ల

ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని చెప్పండన్నా. విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడం 2025 జూలై 22 నుంచి ఆపేశారు. ఇప్పుడు ఆ వీసా ఇప్పిస్తానన్నవాడు మోసగాడే. కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోవడం 2024 మార్చిలోనే ఆపేశారు. రిజిస్టర్డ్ నర్సు దారి వేరు, అది ఉంది. ఇంగ్లీషు పరీక్ష, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలు రాయాలి. ఏ సంస్థకు స్పాన్సర్ లైసెన్స్ ఉందో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో జాబితా ఉచితంగా దొరుకుతుంది. ఆఫర్ లెటర్ రాగానే ఆ పేరు అందులో ఉందో లేదో ముందు చూసుకోమనండి. యార్క్‌షైర్ అన్నా, మీ ఆసుపత్రిలో నర్సుల నియామకం నేరుగా జరుగుతుందా? జరిగితే ఆ వివరాలు ఇక్కడే పెట్టండి, నాలాంటి వాళ్ళు చాలామంది చదువుతున్నారు.