కొత్తింట్లో దీపాల వేళకి మెయిన్ పడిపోతోంది, పగలంతా బాగానే ఉంటోంది

తూర్పువాకిలి:
అందరికీ నమస్కారం. శ్రావణంలో పాలు పొంగించి కొత్తింట్లోకి వచ్చాం. ఖమ్మం దగ్గర, ఊరికి కాస్త బయట. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే తలనొప్పి. పగలంతా కరెంటు బాగానే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి మెయిన్ టప్‌మని పడిపోతుంది. ఒక్కోసారి ఆరున్నరకి, ఒక్కోసారి ఏడు దాటాక. లేపితే నిలవదు. ఇంట్లో ఉన్న స్విచ్‌లన్నీ ఆపేసి లేపితే అప్పుడు నిలుస్తుంది. తర్వాత ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తే ఏదీ పడగొట్టదు. అదే నాకు అర్థం కావట్లేదు.
గీజరు కొత్తది, ఫ్రిజ్ కొత్తది, వైరు మంచి కంపెనీదే వేయించాం. ఎలక్ట్రీషియన్ పగలు వచ్చి చూసి అంతా ఓకే అన్నాడు. ఇంకోసారి వచ్చి ఎమ్‌సీబీ వీక్‌గా ఉందని మార్చాడు. అయినా అదే వరస. ఇవాళ సాయంత్రం నుంచీ దీనితోనే సరిపోయింది. పాపకి పరీక్షలు, మా అత్తయ్య గారికి చీకట్లో కనబడదు. ఎవరికైనా ఇలా అయితే చెప్పండి, దండం పెడతాను.

కంకరరోడ్డు:
పగలు వచ్చేవాణ్ణి సాయంత్రం రమ్మనండి.

మామిడితోట:
ఊరి బయట అంటున్నారు కాబట్టి లోవోల్టేజీ అయ్యుంటుంది మేడం. సాయంత్రం అందరూ ఒకేసారి లైట్లు, మోటార్లు వేస్తారు, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పడుతుంది. 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకోండి. నంబరు లేకపోతే ఎవరూ రారు.

తూర్పువాకిలి:
పక్కింటి వాళ్లకి ఏమీ అవట్లేదండీ. లైన్‌మన్‌ని అడిగితే మీటరు దాకానే మా బాధ్యత, లోపలిది మీరే చూసుకోవాలి అన్నాడు.

రిటైర్డ్ ఓవర్సీర్:
అమ్మా, ముందు ఎర్త్ పిట్ సంగతి చెప్పండి. ఈరోజుల్లో ఇల్లు కట్టేవాళ్లు ఎలివేషన్‌కి లక్షలు పోస్తారు, ఎర్త్ పిట్ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీకి వదిలేస్తారు. వాడు ఒక ఇనప చువ్వ గుచ్చి పైన సిమెంటు పూసేస్తాడు. అది ఎర్తింగ్ కాదు. రెండున్నర మీటర్ల జీఐ పైపు దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పడాలి, పైన చిన్న గుంట కట్టి మూత పెట్టాలి. ఎండాకాలంలో ఆ గుంటలో నీళ్లు పోస్తుండాలి. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే అయిదు ఓముల లోపు వస్తే నిశ్చింత. గోడకి ఆనించి తవ్వకూడదు, అయిదడుగులైనా దూరం ఉండాలి. మీ ఇంటికి ఎర్త్ పిట్ ఎక్కడుంది, ఎంత లోతు? అది తెలియకుండా ఇక్కడ ఎంతమంది ఎన్ని చెప్పినా లాభం లేదు.

తూర్పువాకిలి:
మెట్ల కింద ఉందండీ. లోతు తెలియదు. ఆ రోజు నేను ఊళ్లో లేను.

నల్లరేగడి:
మేడం, పడిపోయేది ఎమ్‌సీబీయా, ఆర్‌సీసీబీయా? దాని మీద ‘టి’ అని చిన్న బటన్ ఉందా? ఫొటో పెట్టండి.

మామిడితోట:
అన్నీ ఒకటే బ్రదర్, మేమంతా ట్రిప్పర్ అనే అంటాం.

నల్లరేగడి:
ఒకటి కాదండీ. దాన్నిబట్టే వెతకాల్సింది మారిపోతుంది. ఎమ్‌సీబీ పడితే లోడు ఎక్కువైందనో, ఎక్కడో రెండు వైర్లు కలిశాయనో అర్థం. ఆర్‌సీసీబీకి లోడుతో పని లేదు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా, అదొక్కటే చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, కట్ చేస్తుంది. ఈవిడ ఇంట్లో అది పడుతుంటే ఎమ్‌సీబీ మార్చి ఏం లాభం?

రిటైర్డ్ ఓవర్సీర్:
మా సర్వీసులో దాన్ని ఈఎల్‌సీబీ అనేవాళ్లం. పేరు మారినంత మాత్రాన పని మారదు. ఎర్తింగ్ లేకపోతే అది పనిచెయ్యదు.

నల్లరేగడి:
పాత వోల్టేజీ రకం ఈఎల్‌సీబీ గురించి మీరు చెప్పింది నిజమే సార్, దానికి ఎర్త్ వైరు కావాలి. ఇప్పటి ఆర్‌సీసీబీకి అక్కర్లేదు. తడి చేత్తో మనిషి ముట్టుకుంటే ఆ మనిషి గుండా పోయే కరెంటునే అది పసిగడుతుంది. ఎర్తింగ్ వద్దని నేననట్లేదు, ఖచ్చితంగా ఉండాలి. ఈవిడ సమస్య అది కాదంటున్నాను.

రిటైర్డ్ ఓవర్సీర్:
చూడకుండానే ఎలా చెప్తారు? ముప్పయ్యేళ్లు ఇదే పని చేశాను.

చింతచెట్టు:
మాకూ ఇదే గోల ఉండేది అక్కా. మా ఎలక్ట్రీషియన్ ఆ డబ్బా తీసేసి డైరెక్ట్ చేశాడు, రెండేళ్లయింది, మళ్లీ పడితే ఒట్టు. వెయ్యి రూపాయల పని కూడా కాదు.

నల్లరేగడి:
దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. అది పడుతోందంటే ఇంట్లో ఎక్కడో తప్పు ఉందని చెబుతోంది. దాన్ని తీసేస్తే తప్పు పోదు, చెప్పేది పోతుంది. మీ ఇంట్లో గీజరు కాయిల్ రేపు చిట్లితే బకెట్లో చెయ్యి పెట్టిన పిల్లవాడికి ఏది అడ్డం? మీరు కూడా ఈ వారమే తిరిగి పెట్టించుకోండి. అది ఉన్నవాళ్లంతా నెలకోసారి ఆ ‘టి’ బటన్ నొక్కి చూసుకోండి. నొక్కగానే పడాలి, పడకపోతే మార్చాలి.

తూర్పువాకిలి:
ఫొటో పెట్టాను చూడండి. ‘టి’ బటన్ ఉంది, 30 ఎంఏ అని రాసుంది. పడేది అదే. మా ఎలక్ట్రీషియన్ కూడా దాన్ని తీసేద్దామనే అన్నాడు, మా ఆయన ఒప్పుకోలేదు. ఒక సంగతండీ, మొన్న ఆదివారం మాత్రం పడలేదు.

ఎర్రమన్ను:
కొత్తిల్లు కదా, గోడలు ఇంకా తడిగా ఉంటాయి. వానలు కూడానూ. పైపుల్లో, స్విచ్ బోర్డు డబ్బాల్లో చెమ్మ చేరితే అలా లీకేజీ వస్తుంది. లేకపోతే కబోర్డులు బిగించిన కార్పెంటర్ మేకు ఏ వైరులోకో దిగి ఉంటుంది. మెగ్గర్ అనే మీటరుతో టెస్ట్ చేయమనండి, ఇన్సులేషన్ ఒక మెగా ఓమ్ దాటి ఉండాలి. మా ఇంట్లో టీవీ యూనిట్ వెనక దొరికింది, న్యూట్రల్ వైరుని గోక్కుంటూ పోయిన స్క్రూ.

నల్లరేగడి:
చెమ్మ అయితే వేళ చూసుకుని రాదు, వాన పడ్డ రోజు పొద్దున్నే రావాలి. మేడం, నాలుగు సంగతులు చెప్పండి. ఇంటికి మీటర్లు ఎన్ని? మేడ ఉందా? ఇన్వర్టర్ ఉందా? పగలు అస్సలు వేయనిది, సాయంత్రం మాత్రమే వేసేది ఏంటి? లోపలివే కాదు, బయటివి కూడా ఆలోచించండి.

గుమ్మడిపాదు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాదీ కొత్తిల్లే. వానలు మొదలయ్యాక తలుపులు ఉబ్బి గడియ పడట్లేదు. బాత్రూమ్ తలుపయితే కాలితో తన్నాల్సి వస్తోంది. చిత్రిక పట్టించమంటారా?

ఎర్రమన్ను:
ఇప్పుడే వద్దండీ. ఇప్పుడు చెక్కేస్తే ఎండాకాలానికి సందు వస్తుంది. కర్ర ఆరే దాకా ఆగండి. ఈలోగా తలుపు పైఅంచు, కిందిఅంచు చేత్తో తడిమి చూడండి. పెయింటర్లు మనకి కనబడే వైపులే పాలిష్ కొట్టి ఆ రెండు అంచులూ వదిలేస్తారు, చెమ్మంతా అక్కణ్ణించే తాగుతుంది. వానలు తగ్గాక తలుపు దింపించి ఆ అంచులకి రెండు కోట్లు పట్టించండి. బాత్రూమ్‌కి మాత్రం కర్ర తలుపు ఎందుకు పెట్టించారో నాకు అర్థం కాదు.

గుమ్మడిపాదు:
మా మామగారు టేకు తప్ప ఇంకోటి ఒప్పుకోలేదండీ.

తూర్పువాకిలి:
మేడ ఉంది. పైన పోర్షన్ అద్దెకి ఇద్దామని వేరే మీటరు పెట్టించాం. ఇంకా ఎవరూ దిగలేదు, రంగులు వేస్తున్నారు. ఇన్వర్టర్ లేదు. సాయంత్రం వేసేవంటే హాల్లో లైట్లు, తులసికోట దగ్గర లైటు, మెట్ల లైటు. మా అత్తయ్య గారు ఆరిన బట్టలు తేవడానికి పైకి వెళ్తారు.

నల్లరేగడి:
మెట్ల లైటుకి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, టూవే పెట్టారా? అది ఎప్పుడైనా వెలగడం చూశారా?

తూర్పువాకిలి:
అవునండీ, టూవేనే. వెలగడం... ఒక్క క్షణం మెరిసినట్టు ఉంటుంది, అప్పుడే కరెంటు పోతుంది. మేము ఇంట్లో ఏదో పడగొట్టిందనే అనుకుంటున్నాం.

నల్లరేగడి:
దొరికింది. ఫేజు కింద మీ బోర్డు నుంచి తీసి, న్యూట్రల్ మాత్రం పైన మెట్ల దగ్గరున్న పోర్షన్ బోర్డు నుంచి కలిపారు. వైరు కలిసొస్తుందని చాలామంది ఇలా చేస్తారు. మీ కింది ఆర్‌సీసీబీకి వెళ్లిన కరెంటు కనబడుతుంది, తిరిగి వచ్చింది కనబడదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అయినా 230 వోల్టుల మీద దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి అంతే చాలు. పైన ఉన్నదానికి వచ్చిన కరెంటు కనబడుతుంది, వెళ్లింది కనబడదు. రెండిట్లో ఏది చురుగ్గా ఉంటే అది ముందు పడుతుంది. ఆదివారం ఎందుకు పడలేదంటే, శనివారం పెయింటర్లు వెళ్తూ పైన మెయిన్ ఆపేసి ఉంటారు.
ఏదీ విప్పకుండానే తేల్చుకోవచ్చు. పైన మెయిన్ ఆపండి. కింద అన్నీ ఆన్‌లోనే ఉంచి మెట్ల లైటు వేయండి. కింద పడకుండా ఉండి, లైటు కూడా వెలగకపోతే నేను చెప్పిందే.

కంకరరోడ్డు:
కరెక్ట్. మెట్ల లైటే.

రిటైర్డ్ ఓవర్సీర్:
న్యూట్రల్ కలపడం తప్పే, కాదనను. కానీ ఎర్త్ పిట్ మెట్ల కింద ఉండటం కూడా తప్పే. పునాదికి అంత దగ్గరగా ఉండకూడదు. అది కూడా చూపించుకోమ్మా.

తూర్పువాకిలి:
చూశామండీ. పైన ఆపితే కింద పడట్లేదు, లైటు వెలగట్లేదు. పైన ఆన్ చేసి వేయగానే పడింది. ఇప్పుడేం చేయించాలి?

నల్లరేగడి:
ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే డీబీ (మెయిన్, ఎమ్‌సీబీలు ఉండే పెట్టె) నుంచి రావాలి. కింది స్విచ్ బోర్డు నుంచి మెట్ల పైపులో ఇంకో న్యూట్రల్ వైరు లాగించి, పైదాన్ని విప్పేసి చివర టేపు చుట్టించండి. పైపులో జాగా ఉంటే పెద్ద పని కాదు. న్యూట్రల్ బదులు ఎర్త్ వైరుకి కలిపేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. అప్పుడూ ఇది పడుతుంది, పైగా ఎర్త్ వైరు ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ బాడీకి కరెంటు వస్తుంది.
అన్నిటికంటే ముఖ్యం, పని అయ్యేదాకా మెట్ల స్విచ్ మీద టేపు అంటించండి, ఎవరూ వేయకుండా. పైన మెయిన్ ఆపేశాం కదా అని పెయింటరు బోర్డు విప్పుతాడు. ఆ టైములో కింద ఎవరైనా ఈ స్విచ్ వేస్తే బల్బు గుండా పైన న్యూట్రల్ వైరుకి కరెంటు ఎక్కుతుంది. న్యూట్రలే కదా అని ముట్టుకుంటే షాక్ కొడుతుంది. మీ కింది ఆర్‌సీసీబీ తీసేసి ఉంటే దాన్ని ఆపేది కూడా ఉండేది కాదు. మీ ఆయన ఒప్పుకోకపోవడం ఎంత మంచిదయిందో. పెయింటర్లకి ఇవాళే చెప్పండి.

చింతచెట్టు:
మాదీ రెండు మీటర్ల ఇల్లే. మా మెట్ల లైటు కూడా ఇలాగే ఉండి ఉంటుందా?

నల్లరేగడి:
ఉండొచ్చు. అదే టెస్ట్ చేయండి. ముందు ఆ డబ్బా తిరిగి పెట్టించండి.

మామిడితోట:
అయితే 1912కి ఫోన్ అక్కర్లేదు.

తూర్పువాకిలి:
స్విచ్‌కి టేపు వేశాం, పెయింటర్లకి చెప్పాం. ఎలక్ట్రీషియన్ రేపు వస్తానన్నాడు. ధన్యవాదాలండీ అందరికీ.

గుమ్మడిపాదు:
తలుపు దింపాలంటే బందులు విప్పాలా, లేక పైకి ఎత్తితే వచ్చేస్తుందా? కార్పెంటర్ ఫోన్ ఎత్తట్లేదు.

పొగడచెట్టు:
మాకు మెట్లు లేవు, ఒకటే అంతస్తు, మీటరు కూడా ఒకటే. ఇన్వర్టర్ పెట్టిన దగ్గర్నుంచి ఇలాగే పడుతోంది. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడే పడుతుంది. ఇది కూడా న్యూట్రల్ గొడవేనా?