ఒక్క మందులో 5 లక్షల రూపాలు: యాంటీసెన్స్ మందుల్ని మిశ్రమంగానే ఆమోదించడం సబబేనా?

అణుదర్శిని:
యాంటీసెన్స్ మందులంటే జబ్బుకు సంబంధించిన ఆర్‌ఎన్‌ఏకి అతుక్కుని దాని పని మార్చే, డీఎన్‌ఏ లాంటి పొట్టి గొలుసులు. వాటిలో మిపోమెర్సెన్‌నే తీసుకోండి. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండేవాళ్ల కోసం 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది, కాలేయానికి ప్రమాదమన్న హెచ్చరికతో. 20 అక్షరాల గొలుసు. మధ్యలో 10 డీఎన్‌ఏ అక్షరాలు, అటు 5, ఇటు 5 చక్కెర భాగం మార్చినవి. వాటిని కలిపే 19 లంకెల్లోనూ ఫాస్ఫేట్‌లోని ఒక ఆక్సిజన్ తీసి గంధకం పెట్టారు. దాంతో ఎంజైములు త్వరగా కొరకలేవు, రక్తంలో ప్రొటీన్లను పట్టుకుని మందు నిలుస్తుంది. అయితే గంధకం చేరగానే ఆ ఫాస్ఫరస్‌కు ఆర్‌పీ, ఎస్‌పీ అని రెండు అమరికలొస్తాయి. 19 చోట్ల రెండేసి అంటే మొత్తం 5,24,288 రూపాలు! అవన్నీ కలిసిన మిశ్రమాన్నే మందుగా ఇచ్చారు. కాలేయాన్ని దెబ్బతీసేది వీటిలో ఏది? మామూలు మందులో రెండు రూపాలుంటేనే ఒక్కోదాని సంగతి తేల్చమని 1992 నుంచీ ఎఫ్‌డీఏ అంటోంది. గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందుని అప్పుడే మర్చిపోయామా?

బెంచ్_మనిషి:
థాలిడోమైడ్ ఇక్కడ అతకదండీ. దాని రెండు రూపాలూ ఒంట్లో ఒకదానిలోకి ఒకటి మారిపోతాయి, శుద్ధి చేసి ఇచ్చినా ముప్పు తప్పేది కాదు. ఈ ఫాస్ఫరస్ అలా తిరగబడదు.

నేను హైదరాబాద్‌లో ఆలిగోల (ఇలాంటి పొట్టి గొలుసుల) సింథసిస్ చేస్తాను. పదార్థాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గ్రాఫులో మామూలు డీఎన్‌ఏ పీక్ సూదిలా లేస్తుంది. గంధకం ఉన్నదైతే వెడల్పుగా, పక్కల ఉబ్బుతూ వస్తుంది. ఈ రూపాలన్నీ ఆ వెడల్పులోనే ఉంటాయి, విడదీయడం అయ్యే పని కాదు. కానీ యాక్టివేటర్ (అక్షరాల్ని కలిపేటప్పుడు వాడే రసాయనం) మార్చకుండా అదే పద్ధతిలో చేస్తే ప్రతి బ్యాచ్‌లో నిష్పత్తి దాదాపు అదే వస్తుంది. పైగా రెండూ అవసరమే: ఆర్‌పీ లంకె ఆర్‌ఎన్‌ఏని గట్టిగా పట్టుకుంటుంది కానీ త్వరగా తెగుతుంది, ఎస్‌పీ తెగదు కానీ పట్టు తక్కువ. నుసినెర్సెన్ అనే మరో యాంటీసెన్స్ మందు కూడా మిశ్రమమే. ఎస్‌ఎంఏ (కండరాలు క్షీణించే జన్యు జబ్బు) ఉన్న పసిపిల్లలు దానితో కూర్చోగలుగుతున్నారు.

కృష్ణాతీరం:
నుసినెర్సెన్ ఆర్‌ఎన్‌ఏని కోయించదు కదండీ, స్ప్లైసింగ్‌ని, అంటే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు అతుక్కునే తీరుని, మారుస్తుందంతే. మిపోమెర్సెన్ పని ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్1 అనే ఎంజైముతో కోయించడం. గంధకం ఏ వైపుంటే ఆ ఎంజైము సరిగ్గా కూర్చుంటుందన్నది అక్కడ ముఖ్యం. ఎస్‌పీ-ఎస్‌పీ-ఆర్‌పీ వరసలో పెడితే కోత మెరుగవుతుందని 2017లో వేవ్ లైఫ్ సైన్సెస్ అనే కంపెనీ వాళ్లు చూపించారు.

బెంచ్_మనిషి:
చూపించారు. కానీ డీఎన్‌ఏ భాగంలో అమరిక అదుపు చేసినా మిశ్రమం కంటే లాభం కనపడలేదని 2014లోనే ఐయోనిస్ (అప్పటి పేరు ఐసిస్) కంపెనీ శాస్త్రవేత్తలు రాశారు. ఆ తర్వాత వేవ్ వాళ్లు హంటింగ్టన్ అనే మెదడు జబ్బుకి అమరిక అదుపు చేసి తయారుచేసిన మందులు రెండూ 2021 మార్చిలో ఆగిపోయాయి.

అణుదర్శిని:
అదే నెలలో రోష్ వాళ్ల టోమినెర్సెన్ ట్రయల్‌లోనూ డోసులు ఆపేశారు. అదీ హంటింగ్టన్‌కే, అది మిశ్రమం. కాబట్టి ఆ ఏడాది ఏ పక్షమూ గెలవలేదు. సరే, విడదీయడం అసాధ్యమన్నది ఒప్పుకుంటాను. కానీ యాక్టివేటర్ మార్చితే నిష్పత్తి మారుతుందని మీ మాటల్లోనే ఉంది. మరి ఫ్యాక్టరీ మారినప్పుడల్లా పాత నిష్పత్తే వచ్చిందని ఫాస్ఫరస్ ఎన్‌ఎంఆర్ (ఫాస్ఫరస్ అమరికల్ని చూపే పరీక్ష) గ్రాఫులతో బయటపెట్టమనడం అత్యాశా?

బెంచ్_మనిషి:
కాదు, ఆ డిమాండ్‌కి నా ఓటు కూడా. ఒక్కో రూపం తేలేదాకా ఆమోదమే వద్దంటే మాత్రం ఒప్పుకోను. ఎస్‌ఎంఏ టైప్ 1 పిల్లల్లో చాలామందికి చికిత్స లేకపోతే రెండో పుట్టినరోజు రాదు.